రెండు నుంచి మూడు గంటల వరకు: సంఘం

ఇది జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు... కలగన్నదీ కాదు. ముప్పై నాలుగేళ్ళు ఒక కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసినవాణ్ణి నేను. మిల్లీమీటరులో వందో వంతు తేడా కనిపించినా భాగాన్ని వెనక్కి పంపినవాణ్ణి. కొలత లేని మాటను మాటగా లెక్కపెట్టే అలవాటు నాకు లేదు. కాబట్టి ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు కూడా గంటలు, నిమిషాలే చెబుతాను. అవన్నీ నా నోటుపుస్తకంలో అప్పటికప్పుడు రాసుకున్నవి. వాటిని ఎలా అర్థం చేసుకోవాలన్నది మీ ఇష్టం... నాకైతే ఇంతవరకు చేతకాలేదు.

బెంగళూరులో కాడుగోడి రైల్వే స్టేషనుకు ఏడు నిమిషాల నడక దూరంలో, ఒక హార్డువేరు దుకాణం పై అంతస్తులో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకు కూడుకుంటుంది. నర్సులు, ఉపాధ్యాయులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు... సుమారు డెబ్బై కుటుంబాలు. నేను సంఘ కార్యదర్శిని. మూడు నెలలకొకసారి ఇరవై నాలుగు గంటల గొలుసు ప్రార్థన జరుపుతాం. గంటకు ఒకరు చొప్పున, ఎవరి ఇంట్లో వారు మేలుకొని, సంఘస్థులు రాసి పంపిన విన్నపాలన్నిటి కోసం ప్రార్థిస్తారు. ఒకరు ముగించగానే మరొకరు అందుకోవాలి. గొలుసు తెగకూడదు.

పూర్వం ఆ విన్నపాలను కాగితం మీద రాసి పంచేవాళ్ళం. ఆ కాగితాలు బస్సుల్లో దొరికేవి... వంటగదుల్లో పొరుగువారి కంట పడేవి. ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఎవరి ఉద్యోగం పోయింది అన్నది ఆదివారానికల్లా అందరికీ తెలిసిపోయేది. అందుకని మా సంఘంలోనే ఉన్న రూబేను ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాడు. రూబేనుది ఖమ్మం, నలభై ఏళ్ళవాడు, సర్జాపుర రోడ్డులో ఉంటాడు. అతను చేసిన ఏర్పాటు ఇది. ప్రతి విన్నపం ఒక విడి పేజీ. ప్రతి పేజీకీ, దాన్ని ఎవరు తెరవవచ్చో చెప్పే పట్టిక. పేరు పక్కన టిక్కు ఉంటే వారి ప్రార్థన గంటలో ఆ పేజీ తెరుచుకుంటుంది. లేకపోతే, ‘ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదు’ అని వస్తుంది.

టిక్కులు పెట్టే బాధ్యత నాది. అది ఒప్పుకునేటప్పుడు రూబేనుకు ఒక షరతు పెట్టాను. టిక్కు పెట్టేవాడికి లోపలి రాత కనిపించకూడదు. తాళపుచెవి పట్టుకున్నవాడికి గదిలో పని ఉండకూడదని నా నమ్మకం. కాబట్టి టిక్కుల పనిలో నాకు కనిపించేవి నాలుగే... పేజీ సంఖ్య, రాసినవారి పేరు, తెరిచినవారి పేరు, తెరిచి ఉంచిన సమయం.

ఆ వారం వచ్చిన విన్నపాలు పందొమ్మిది. పద్నాలుగవది సుజన రాసినది.

సుజన నర్సు. ముప్పై రెండేళ్ళు. తల్లి ఎస్తేరమ్మ తప్ప ఆమెకు ఎవరూ లేరు. ఎస్తేరమ్మకు గుండె కవాటం మార్చే ఆపరేషన్ గురువారం ఉదయానికి నిర్ణయమైంది. సోమవారం సాయంత్రం సుజన నాకు ఫోన్ చేసింది.

“అంకుల్, నా పేజీ అయ్యగారికి తప్ప ఎవ్వరికీ ఓపెన్ కాకూడదు.” మా పాస్టరు గారిని మేము అయ్యగారు అంటాం.

“సరేనమ్మా. కారణం చెప్పనక్కరలేదు.”

“చెప్తాను అంకుల్, లేకపోతే మీరు దీన్ని సీరియస్‌గా తీసుకోరు. నాకు గడ్డ ఒకటి కనిపించింది. ముక్క తీసి టెస్ట్‌కి పంపినారు. శనివారం రిపోర్ట్. అమ్మకు తెలిసిందంటే గురువారం టేబుల్ ఎక్కదు. ‘ముందు నీ సంగతి చూడు’ అని కూర్చుంటుంది. ఇంక ఒక్క నెల ఆగినా కష్టం అని డాక్టర్ చెప్పినారు. అమ్మ కూడా చైన్‌లో ఉంది గదా... పొద్దున ఐదు గంటలకు నా ఫోన్‌లో ఓపెన్ చేస్తుంది. చాలామంది ఆంటీలు ఉండారు. ఎవరో ఒకరు నోరు జారుతారు.”

“నా చేతిలో జారదు” అన్నాను.

గడ్డ అన్నంతవరకే ఆమె చెప్పింది. పేజీలో ఇంకేం రాసిందో నేను అడగలేదు.

ఇప్పుడు నా పొరపాటు చెప్పాలి. ఇరవై నాలుగు గంటలకు ఇరవై మూడు పేర్లే వచ్చాయి. రాత్రి రెండు నుంచి మూడు వరకు ఎవరూ ముందుకు రాలేదు. కాగితాల రోజుల్లో ఇలా జరిగితే, ఆ గడిలో నేను ‘సంఘం’ అని రాసేవాణ్ణి. గడి ఖాళీగా ఉండకూడదు... అది కర్మాగారంలో అబ్బిన అలవాటు. ఖాళీ గడి ఉన్న పత్రాన్ని మేము సంతకం చేయకుండా వెనక్కి పంపేవాళ్ళం. అదే అలవాటుతో వెబ్ అప్లికేషన్‌లో కూడా ‘సంఘం’ అని ఒక బృందాన్ని సృష్టించి, రెండు నుంచి మూడు గంటల వరకు దానికి ఇచ్చాను. అందులో ఎవరినీ చేర్చలేదు. పక్కన స్పష్టంగా ఉంటుంది... సభ్యులు: 0.

పద్నాలుగవ పేజీ పట్టికలో నా పేరుతో మొదలుపెట్టి ఇరవై రెండు టిక్కులు తీసేశాను. అయ్యగారి టిక్కు ఉంచాను. అన్నిటికంటే అడుగున ‘సంఘం’ ఉంది. దాని టిక్కు చూశాను. చూసి కూడా వదిలేశాను. ఎవరూ లేని ఇంటికి తాళం దేనికి అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఆరింటికి గొలుసు మొదలైంది. నా గంట రాత్రి మూడు నుంచి నాలుగు. నా భార్య ఆ వారం హెబ్బగోడిలో తన చెల్లెలి ఇంట్లో ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే. రెండు గంటలకు అలారం మోగింది. ముఖం కడుక్కున్నాను. టీ పెట్టుకున్నాను. లాప్‌టాప్ తెరిచి అనుమతుల పేజీ చూశాను... అప్పుడు గోడ గడియారంలో రెండు గంటల పదకొండు నిమిషాలు.

టింగ్.

ఎవరైనా ఒక విన్నపం ముగించి ‘ప్రార్థించాను’ అన్న మీట నొక్కితే నా లాప్‌టాప్‌లో వచ్చే శబ్దం అది. మంగళవారం సాయంత్రం నుంచి ఎన్నోసార్లు విన్నాను. అలవాటైన శబ్దమే... కానీ ఇప్పుడు నొక్కడానికి ఎవరూ లేరు కదా.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ఒకటవ పేజీ, తెరిచినవారు: సంఘం, రెండు గంటలకు. రెండవ పేజీ, సంఘం, రెండూ మూడుకు. మూడవది, రెండూ ఆరుకు. నాలుగవది రెండూ తొమ్మిదికి తెరిచి... ఇప్పుడే ముగిసింది. ఐదవ పేజీ పక్కన, ‘ఇప్పుడు చూస్తున్నవారు: 1’.

బృందం పట్టిక తెరిచాను. సభ్యులు: 0.

మళ్ళీ వెనక్కి వచ్చాను. చూస్తున్నవారు: 1.

యంత్రం తప్పు అనుకున్నాను. మీరైనా అదే అనుకుంటారు. నేను భయపడలేదు... అప్పటికి. నోటుపుస్తకం తీసి గీతలు గీసి రాయడం మొదలుపెట్టాను. రెండూ పదిహేను... టింగ్. ఆరవ పేజీ. రెండూ పద్దెనిమిది... టింగ్. ఏడవ పేజీ. ఒక్కొక్కటి సరిగ్గా మూడు నిమిషాలు. మనుషులు అలా ప్రార్థించరు. ఒకరు ఒక విన్నపం దగ్గర నిమిషం ఉంటారు, ఇంకొకరు పది నిమిషాలు ఏడుస్తారు. ఇది మాత్రం కొలిచినట్టుగా...

అప్పుడు లెక్క వేశాను. ఈ వేగంతో పద్నాలుగవ పేజీ రెండు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలకు వస్తుంది.

ఎవరో ఆ పేరుతో లోపలికి వచ్చారు... సుజన పేజీ చదవబోతున్నారు. ఆ ‘ఎవరో’ ఎస్తేరమ్మకు తెలిసినవారైతే? గురువారానికి ఇంకా ఒక్క రోజే ఉంది. పద్నాలుగవ పేజీ పట్టిక తెరిచి, అడుగున ఉన్న ‘సంఘం’ టిక్కు తీసేశాను. ‘మార్పు భద్రమైంది’ అని వచ్చింది. సమయం రెండూ ఇరవై రెండు. అయినా కూర్చునే ఉన్నాను.

బయట గూడ్సు బండి వెళ్ళింది. చాలా పొడవైన బండి... పెట్టె తర్వాత పెట్టె... కిటికీ అద్దం సన్నగా అదిరింది. బండి వెళ్ళిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. ఫ్యాను తిరుగుతున్న శబ్దం... నా ఊపిరి...

టింగ్. రెండూ ముప్పై తొమ్మిది. పదమూడవ పేజీ ముగిసింది.

పద్నాలుగవ పేజీ... చూస్తున్నవారు: 0.

హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట పూర్తిగా అనుకోనేలేదు... నేను చూస్తూ ఉండగానే, నా కళ్ళ ముందే... సున్న పోయి ఒకటి వచ్చింది.

రెండూ నలభై. రెండూ నలభై ఒకటి. రెండూ నలభై రెండు... మూడు నిమిషాలు అయ్యాయి. టింగ్ రాలేదు. పదిహేనవ పేజీ తెరుచుకోలేదు. అది అక్కడే ఉంది.

రెండూ నలభై మూడుకు రూబేనుకు ఫోన్ చేశాను. ఆరుసార్లు మోగాక ఎత్తాడు.

“అంకుల్... ఎవరికన్నా ఏమన్నా అయిందా?”

“ఎవరికీ ఏమీ కాలేదు నాయనా. పద్నాలుగవ పేజీలో ఎవరో ఉన్నారు.”

“ఉండనీయండి అంకుల్, ప్రేయర్ చేస్తున్నరు. పండుకోండి.”

“అనుమతి ఉన్నది ఒక్క అయ్యగారికే. ఆయన గంట రాత్రి తొమ్మిదికే అయిపోయింది. తెరిచిన పేరు సంఘం. సంఘంలో సభ్యులు సున్న.”

మంచం కిర్రుమన్న శబ్దం వినిపించింది. “ఒక్క నిమిషం. లాగిన్ అయితున్న... ఆ. నాకు కూడా వన్ అనే చూపిస్తుంది. ఇదేంది? అంకుల్, పేజీ మొత్తం హైడ్ చేసెయ్యండి. పైన కుడిపక్క ఉంటది.”

దాచేశాను. రెండూ నలభై నాలుగు. ‘ఈ పేజీ ఇప్పుడు ఎవరికీ కనిపించదు’ అని వచ్చింది.

చూస్తున్నవారు: 1.

“లైన్లోనే ఉండండి అంకుల్. నేను కోడ్ చూస్తా” అన్నాడు రూబేను. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ అంకెను చూస్తూ ఉండిపోయాను. ఒకటి. ఒక్క గీత. ఎంతసేపు చూశానో... రెండూ యాభై రెండు, అదే అంకె. రెండూ యాభై ఆరు, అదే. రెండూ యాభై తొమ్మిదికి...

టింగ్.

మూడు గంటలకు సున్న వచ్చింది. పదిహేను నుంచి పందొమ్మిది వరకు పేజీలను ఎవరూ తెరవలేదు. మూడూ రెండుకు రూబేను ఫోన్ పెట్టేశాడు. నా గంట అప్పటికే మొదలైంది. నిజం చెబుతున్నాను... ఆ గంటలో నేను ప్రార్థించలేదు. అన్ని గదుల్లో దీపాలు వేసుకుని కూర్చున్నాను.

తెల్లవారాక సుజనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పును దాచడం తప్పు చేయడం కన్నా పెద్దది.

“ఇరవై నిమిషాలా?” అంది. “అంకుల్, మిమ్మల్ని నమ్మి ఇచ్చాను. ఆ ఒక్క టిక్కు తీయడానికి మీకేమి కష్టమైంది?”

ఆ సాయంత్రం రూబేను తన పేరుతో, తన భార్య పేరుతో, కొత్తగా చేసిన రెండు పేర్లతో ఆ పేజీ తెరవడానికి ప్రయత్నించాడు. నేను తీసేసిన ‘సంఘం’ టిక్కును మళ్ళీ పెట్టి, ‘సంఘం’ గంటను మళ్ళీ ఇచ్చి చూశాడు. నాలుగుసార్లూ అనుమతి లేదనే వచ్చింది.

“ఎంప్టీ గ్రూప్‌కి ఇస్తే ఎవ్వరికీ ఓపెన్ కాదు అంకుల్. కోడ్‌లో అట్లనే ఉంది. కౌంటర్‌లో ఏదో బగ్ అనుకుందామంటే... మూడు నిమిషాలకు ఒకటి, అంత కరెక్ట్‌గా ఎట్ల వస్తది? ఏ ఫోన్ నుంచి ఓపెన్ చేసినా ఫోన్ మోడల్ రికార్డ్ అయితది. ఇక్కడ అది కూడా ఖాళీ.”

గురువారం ఉదయం ఆరూ నలభైకి ఆసుపత్రికి వెళ్ళాను. ఎస్తేరమ్మను అప్పటికే ఆకుపచ్చ గౌనులో పడుకోబెట్టారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వారి కుటుంబం మూడు తరాలుగా బెంగళూరులోనే ఉంది. సుజన ఏవో సంతకాలకు కిందికి వెళ్ళింది. ఎస్తేరమ్మ చేయి ఊపి నన్ను దగ్గరికి పిలిచింది.

“అన్నా, ఇట్ల రా. బిడ్డ వచ్చే లోపల ఒక మాట చెప్పల్ల. దానికి గడ్డ ఉండాదని నాకు తెల్సు. నాకు తెల్సని దానికి చెప్పొద్దు. ఊరికే ఏడుస్తాది.”

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. “ఎవరు చెప్పారమ్మా?”

“ఎవురేంది?” అని నవ్వింది. “నువ్వే గదా చెప్పింది! ఏమప్పా, వయసుతో నీకూ మరుపు పట్టుకునిందా? మంగళవారం రాత్రి ఫోన్ చేస్తివి గదా. గడియారం చూసినా... మూడుకు పదైదు నిమిషాలు తక్కువ. ఈ పొద్దుగాని పొద్దులో అన్న ఎందుకు చేసినాడబ్బా అనుకుంటి. బిడ్డ రాసిందంతా చదివితివి. నిదానంగా... నువ్వు మీటింగ్‌లో మినిట్స్ చదువుతావు చూడు, అట్ల. ‘నాకేమన్నా అయితే అమ్మను ఎవరు చూస్తారు’ అని రాసిందంట గదా పిచ్చిది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చె.”

ఆ పేజీలోని ఒక్క అక్షరమూ నేను చదవలేదు. నా టిక్కు నేనే తీసేసుకున్నాను, చదవడానికి నాకు దారే లేదు.

“మళ్ళ నువ్వే చెప్తివి... ‘రిపోర్టులో ఏమీ రాదు ఎస్తేరమ్మా, నువ్వు భయపడకుండా ఆపరేషన్‌కు పో’ అని. నువ్వు వట్టి మాట చెప్పే మనిషివి కాదు. లెక్క చూడంది నోరు తెరవవు. ఆ ధైర్యంతోనే పండుకోనుండా ఈడ.” నవ్వు ఆగిపోయింది. నా ముఖంలో ఏం చూసిందో. “ఏమన్నా... నువ్వేగదా చెప్పింది?”

స్ట్రెచర్ తోసేవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేశారు. రిపోర్టు రాకముందు ఫలితం చెప్పడం నా జీవితంలో ఎన్నడూ చేయని పని. ఆ సమయానికి నేను రూబేనుతో మాట్లాడుతున్నాను... రెండూ నలభై మూడు నుంచి పందొమ్మిది నిమిషాలు, నా ఫోనులో నమోదై ఉంది. కాదు అని ఒక్క మాట అంటే... ఆమె లేచి కూర్చుంటుంది. ఆమె సంగతి నాకు తెలుసు.

“నేనేనమ్మా” అన్నాను.

“మరి! నన్ను బెదరగొడ్తివి గదప్పా” అంది. తీసుకువెళ్ళారు.

ఆమె ఫోను దిండు పక్కనే ఉంది. మీటల ఫోను. తీసి వచ్చిన కాల్స్ అన్నీ చూశాను. ఆదివారం దాకా ఉన్నాయి. మంగళవారం రాత్రి తొమ్మిదికీ బుధవారం ఉదయం ఐదుకూ మధ్య ఒక్కటీ లేదు.

ఆపరేషన్ నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. బాగా జరిగింది. శనివారం సుజన రిపోర్టు వచ్చింది... గడ్డ ప్రమాదకరమైనది కాదు. ఆ సాయంత్రం సుజన తల్లికి అంతా చెప్పిందట. ఎస్తేరమ్మ అప్పుడే విన్నట్టు గుండె మీద చేయి వేసుకుని ఆశ్చర్యపోయిందట.

అయ్యగారిని ఒక్క ప్రశ్న అడిగాను. అమ్మను ఎవరు చూస్తారన్న వాక్యం ఆ పేజీలో ఉందా అని. “ఉందన్నా. చివరి వాక్యం అదే. మీకెలా తెలిసింది?” అన్నారు.

ఇంతవరకైతే, ఎవరో నా గొంతును అనుకరించారని సరిపెట్టుకునేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక, మెట్ల దగ్గర టీ తాగుతూ రూబేను అడిగాడు.

“అంకుల్, ఆ రాత్రి ఆంటీ ఇంట్లోనే ఉన్నరా?”

“లేదు. హెబ్బగోడిలో ఉంది.”

“మరి ఎవరితో మాట్లాడినరు?”

“నీతోనే.”

“కాదు అంకుల్, మధ్యల. నేను కోడ్ చూస్తున్న... మీరు ఫోన్ పక్కకు పెట్టి ఎవరికో ఏదో చదివి వినిపిస్తున్నట్టు వినపడ్డది. చిన్నగా. పదాలు తెలవలేదు గానీ గొంతు మీదే. ఆరేడు నిమిషాలు ఉంటది. డిస్టర్బ్ చేయొద్దని ఊకున్న.”

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. రాయడం మొదలుపెట్టాక నేను ఎక్కడా నాలుగు నిమిషాలకు మించి వదలలేదు, అన్నీ రాసి ఉన్నాయి. రెండూ నలభై నాలుగు, పేజీ దాచాను. దాని కింది గీతలో... రెండూ యాభై రెండు. మధ్యలో ఏమీ లేదు. ఎనిమిది నిమిషాలు. నాకు గుర్తున్నదల్లా ఆ ఒకటి అన్న అంకె... దాన్ని చూస్తూ కూర్చోవడం... అంతే.

టిక్కులు పెట్టే పనిని ఆ వారమే రూబేనుకు అప్పగించాను. ఎనిమిది నిమిషాలకు లెక్క చెప్పలేనివాడి దగ్గర తాళపుచెవులు ఉండకూడదు. ఎస్తేరమ్మ కోలుకుంది, ఇప్పుడు మెట్లు ఎక్కి ఆరాధనకు వస్తోంది. కనిపించినప్పుడల్లా, “ఆ పొద్దు నువ్వు చెప్పకపోయింటే నేను పోయేదాన్ని కాదన్నా” అంటుంది. నేను తలాడిస్తాను.

ఆ గురువారం ఉదయం, స్ట్రెచర్ పక్కన నిలబడి, ‘నేనే’ అన్నాను కదా... జీవితంలో తెలిసి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అదేనని మూడు రోజులు బాధపడ్డాను. ఇప్పుడు అది అబద్ధమో కాదో కూడా చెప్పలేను.